కసిమి కుండ చుట్టూ తొమ్మిదో తరగతి

శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకున్నా, తిరుపతిలో ఉద్యోగం వచ్చాక నేను కలం పట్టేది ఆదివారాలే. ఆ ఆదివారాలు పిల్లలకు కలంకారీ నేర్పుతూ గడుపుతానని మా దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో అడిగాను. హెడ్మాస్టర్ గారు ఒప్పుకుంటూనే, "మార్కులు రాని దానికి ఎవరొస్తారు సార్?" అన్నారు. తొమ్మిదో తరగతి వాళ్లు కొందరు వచ్చారు.

మొదట బొమ్మలు వేయించలేదు, కసిమి అనే నల్ల రంగు పెట్టించాను. తుప్పు మేకులు, ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేస్తే పులవడానికి రెండు మూడు వారాలు. "యూట్యూబ్‌లో పది నిమిషాల్లో అయిపోతుంది కదా సార్" అన్నాడొకడు. ఈలోగా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో తడిపి ఆరేశాం. ఆ పాల వాసనకు ఇళ్లల్లో తిట్లు పడ్డాయి. పాలలోని వెన్న గీతను పక్కకు పాకనివ్వదు. కరక్కాయలోని టానిన్ అనే వగరు పదార్థం, కసిమిలోని ఇనుము కలిస్తే నలుపు. ఈ మాట విని సైన్స్ మేడం కూడా వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగించి కలాలు వాళ్లే కట్టుకున్నారు. చింతబొగ్గుతో గీసి, దాని మీద కసిమి. నాదొక పట్టుదల ఉంది: పిల్లల గుడ్డ మీద నా చెయ్యి పడదు. పక్కన ముక్క మీద గీసి చూపిస్తానంతే. కసిమి గీత చెరగదు గనుక, వంకర పోయిన చోట ఆకో తీగో వేసి కలుపుకోవడం వాళ్లకే అలవాటైంది. పటిక పూసిన చోటే ఎరుపు పట్టడం చూసి ఎగిరి గంతేశారు. ఉతకడానికి మాత్రం పారే నీళ్లు కావాలి. స్వర్ణముఖి నది చాలా నెలలు ఇసకే, అందుకని బోరు పంపు కిందే కానిచ్చాం.

వాళ్లలో ఒకడు బళ్లో నోరు విప్పడు. నెమలి మెడ గీస్తూ, తలెత్తకుండానే, "పది అయ్యాక పనికి పొమ్మంటున్నారు సార్" అన్నాడు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పేవాడు కాదనే నా నమ్మకం. "మెడ ఇంకా సన్నగా లాగు" అని, తర్వాతి వారం వాళ్లింటికి వెళ్లాను.

తిరుపతిలోనే టీటీడీ నడిపే సంప్రదాయ శిల్ప శిక్షణ సంస్థ ఉందనీ, పది పాసైతే నాలుగేళ్ల డిప్లొమా చేయొచ్చనీ, రెండేళ్ల కలంకారీ కోర్సు కూడా ఉందనీ చెప్పాను. ఆటో తుడుస్తూ విన్న వాళ్ల నాన్న, "అయ్యాక ఉద్యోగం గ్యారంటీనా?" అన్నారు. లేదన్నాను. శ్రీకాళహస్తికే చెందిన కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిన సంగతి చెబితే, "అది ఒక్కరికి కదండీ" అన్నారు. నిజమే. చివరికి, "ముందు పది పాసవనీయండి" అని ఊరుకున్నారు.

ఇప్పుడు వాడు పదిలో ఉన్నాడు, లెక్కల్లో వీక్. ట్యూషన్ అయ్యాకే గుడ్డ ముందు కూర్చోనిస్తున్నాను. కొత్తగా వచ్చిన వాళ్లకు కలం కట్టడం నేర్పే పని కూడా వాడికే అప్పగించాను.