ఎంగోమా చెప్పుచేతల్లో వేండా

దక్షిణాఫ్రికాలో లూయీ ట్రిఖార్డ్ పట్టణం నుంచి కొండ ఎక్కి దిగి, ఆర్523 రోడ్డు మీద తూర్పుకు తిరిగితే ఎంజెలేలే లోయ. అక్కడి వేండా తెగ రాజుల పాత రాజధాని జాటా శిథిలాలు అక్కడే ఉన్నాయి. పక్కనున్న మ్యూజియానికి ఢంకా పేరే పెట్టుకున్నారు. కారణం ఎంగోమా లుంగుండు. పూర్వీకులు ఉత్తరం నుంచి మోసుకొచ్చిన ఢంకా అది, నేలకు తగిలితే అరిష్టం, దాన్ని కొడితే శత్రువులు మూర్ఛపోయేవారని కథ.

కథ వదిలి వాయిద్యం చూద్దాం. వేండా ఢంకాల్లో పెద్దది ఎంగోమా: ఒకే దుంగను గుండ్రంగా తొలిచిన తొట్టి, మన నగారాలాంటిది. పట్టుకునే పిడులు కూడా ఆ దుంగలోంచే చెక్కుతారు, అతికించరు. పచ్చి తోలును తడిగా ఉండగానే మూతి మీద లాగి, చుట్టూ చెక్క చీలలు కొడతారు. ఆరేకొద్దీ తోలు బిగుస్తుంది. ఒక వైపు ఎక్కువ లాగారా, ఆరాక రెండో వైపు సడలిపోతుంది, మోత బొంగురుపోతుంది. చీలలు కదిలించి సరిచేయడం కుదరదు. చెమ్మకు తోలు మెత్తబడితే మాత్రం మన డప్పులాగే వేడి చూపించాల్సిందే. దీన్ని ఒక్క కర్రతో కొడతారు. కిందికి సన్నబడుతూ పోయే మురుంబా అనే ఢంకాను కాళ్ళ మధ్య ఇరికించుకుని అరచేతులతో వాయిస్తారు. ఈ రెండింటికీ మధ్య స్థాయిలో మోగేది తుంగ్వా.

గొట్టాలు ఊదుతూ ఆడే చికోనా నృత్యంలో ఈ ఢంకాల పని తెలుస్తుంది. ఊదేది మగవాళ్ళు, ఒక్కొక్కరి గొట్టానికి ఒక్కటే స్వరం. తన వంతు తప్పితే పాటలో అక్కడ చిల్లు పడినట్టే. వెదురు గొట్టాలతో పాటు ఇప్పుడు లోహం, ప్లాస్టిక్ గొట్టాలూ వచ్చాయి. ఊదేవాళ్ళ వలయం అపసవ్యంగా తిరుగుతుంది. మధ్యలో ఢంకాలు వాయించేది ఎక్కువగా ఆడవాళ్ళే. కెమెరాలన్నీ ఊదేవాళ్ళ వైపే తిరుగుతాయి గానీ, అడుగులు నడిచేది ఈ ఆడవాళ్ళ దెబ్బకే.

దోంబా వేరు. పెళ్ళికి ముందు ఆడపిల్లలకు జరిపే ఈ దీక్షలో ముందున్న పిల్ల మోచేతులు పట్టుకుని వరుసగా కొండచిలువలా కదులుతారు. నృత్యం చూడనిచ్చినా, లోపల నేర్పే పాఠాలు బయటివాళ్ళకు చెప్పరు, అడగకూడదు కూడా.

ఇవి చూడడానికి వెళ్ళేవాళ్ళు ఊరి పెద్ద దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. మగవాళ్ళు 'ఎండా' అని, ఆడవాళ్ళు 'ఆ' అని పలకరించాలి. గోడ వారన పెట్టిన ఢంకాను సరదాకి తట్టడం, దాని మీద కూర్చోవడం వద్దు.