మెట్ల గది గోడకు చేరిన ఏసీ

కిందటి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం, మా పడకగది కిటికీ అవతల, ఏసీ బయటి యూనిట్ బిగించడానికి వచ్చిన ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. మాది రెండో అంతస్తు. బాల్కనీ పిట్టగోడ దాటి, కింది వాటా కిటికీకి వేసిన సన్‌షేడ్ మీదికి దిగాడు. ఎడమ చేత్తో మా కిటికీ ఊచ పట్టుకుని, కుడి చెయ్యి లోపలికి చాచి, "డ్రిల్లు ఇవ్వండమ్మా" అని అడుగుతున్నాడు. నడుముకు తాడు లేదు. ఇల్లు 1994లో కట్టినది. ఆ సన్‌షేడ్ అంచున పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము కనిపిస్తోంది. పద్దెనిమిది అడుగుల కింద ప్రహరీ గోడ, దాని మీద గుచ్చిన గాజు పెంకులు.

నేను డ్రిల్లు ఇవ్వలేదు. "ముందు లోపలికి రా బాబూ, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

"రోజూ చేసే పనేనమ్మా, పావుగంటలో అయిపోతుంది" అన్నాడు. అతనితో వచ్చిన రెండో కుర్రవాడు కూడా అదే మాట. దుకాణానికి ఫోన్ చేస్తే అక్కడా అదే మాట. శ్రీకాకుళంలో ఇన్ని ఇళ్లకు బిగించాం, ఎవరూ ఇలా ఆపలేదన్నారు. నేను మాత్రం అతను లోపలికి వచ్చి కింద కూర్చునేదాకా కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నదాన్ని. నా దగ్గర చదువుకుని వెళ్లిన వయసే ఆ అబ్బాయిది.

తర్వాత అడిగితే చెప్పాడు. అతనికి నెల జీతం లేదు, బిగించిన మిషన్‌కు ఇంత అని ఇస్తారు. రోజుకు నాలుగైనా బిగిస్తేనే గిట్టుబాటు. ఎండాకాలంలో ఒక ఇంటి దగ్గర రెండు గంటలు పోతే ఆ రోజు కూలి పోయినట్టే. కోపంగా చెప్పలేదు, ఉన్నది చెప్పాడు. ఆ రోజుకు అతనికి రావలసినది నేనే ఇచ్చి పంపాను.

అసలు ఏసీ మా అమ్మ కోసం. ఆమెకు 81 ఏళ్లు. మా వాటాకు పైన డాబా తప్ప మరో అంతస్తు లేదు. పగలంతా కాగిన స్లాబు రాత్రి రెండింటి వరకు ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. మా వైపు ఉష్ణోగ్రత అంకె చూస్తే రెంటచింతలతో పోటీ పడదు. కానీ సముద్రం మీది నుంచి వచ్చే తేమ వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఫ్యాను ఎంత తిప్పినా తడిగాలే. ఆ నెలలో రెండు రాత్రులు అమ్మ మాట తడబడింది. డాక్టరు ఒంట్లో నీరు తగ్గిందన్నారు. ఇక ఆగలేదు.

దుకాణంలో పన్నెండడుగుల గదికి ఒక టన్ను చాలన్నారు. ఏసీలో టన్ను అంటే బరువు కాదు. ఒక అమెరికా టన్ను (సుమారు 907 కిలోల) మంచును 24 గంటల్లో కరిగించే వేడిని గదిలోంచి బయటికి పంపగలిగే శక్తి, అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు. పై స్లాబు ఎండకు కాగే గదికి ఆ లెక్క సరిపోదని ఒకటిన్నర టన్నుల ఇన్వర్టర్ ఏసీ తీసుకున్నాం. చలికాలంలో వేడి గాలి కూడా ఇచ్చే రకం చూపించారు. అందులో ఒక వాల్వు తిరిగి, గదిని చల్లబరిచే వాయువు ప్రవాహాన్ని తారుమారు చేస్తుంది, అప్పుడు బయటి గాలిలోని వేడి గదిలోకి వస్తుంది. చలి దేశాలకు ఎంతో మేలైన యంత్రం. మా తీరంలో చలికి దుప్పటి చాలు గనుక వద్దన్నాం.

మిషన్ ఇంటికి రాకముందే కరెంటు పని చేయించాను. మా తమ్ముడు విశాఖపట్నంలో రొయ్యల శీతల గిడ్డంగిలో పనిచేస్తాడు. "అక్కా, ఏసీ ఏ కంపెనీదైనా ఒకటే. తీగ, ఎర్తు, పైపు, ఈ మూడూ చూడు" అన్నాడు. గదిలో ఉన్నది ఆరు ఆంపియర్ల సాకెట్టు, దానికి సన్న తీగ. దాని మీదే నడిపితే తీగ గోడలోపలే వేడెక్కుతుంది, పైకి కనిపించదు. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టె నుంచి నేరుగా నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ లాగాడు. దానికి విడిగా, కరెంటు మితిమీరితే ఆపేసే 20 ఆంపియర్ల ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపడే ఆర్‌సీసీబీ పెట్టించాను. కరెంటు బిల్లులో మా కనెక్షన్ లోడు రెండు కిలోవాట్లనే ఉంది. గీజరు, మోటారు, ఇప్పుడు ఏసీ కలిస్తే అది చాలదు. మా కరెంటు సంస్థ ఏపీఈపీడీసీఎల్‌కు అదనపు లోడుకు దరఖాస్తు పెట్టి డబ్బు కట్టాం.

ఎర్తు దగ్గర అందరం ఆగిపోయాం. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తే మిణుకుమిణుకుమంది. ఎర్తు బాగుంటే మామూలుగా వెలగాలి. పెరట్లో తవ్వి చూస్తే పైపుకు కలిపిన తీగ తుప్పుకు ఎప్పుడో తెగింది. మిగిలిన కాస్త తేమ నేలే ఆ మిణుకుకు కారణం. అంటే ఎన్నేళ్లుగానో మా ఇంట్లో ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మిషన్ అన్నీ ఎర్తు లేకుండానే నడుస్తున్నాయి. తడిచేతులతో మేము వాటిని ముట్టుకుంటూనే ఉన్నాం. ఆ సాయంత్రం అన్నం సహించలేదు. మర్నాడే ఎనిమిది అడుగుల గొయ్యి తీయించి, జింకు పూత ఉన్న కొత్త జీఐ ఇనుప పైపు దింపి, బొగ్గు, ఉప్పు వేయించి పూడ్పించాం. ఏసీ కొనకపోయినా ఈ ఒక్క పని చేయించి ఉండవలసింది.

పనిని ఆపిన రోజున మరో సంగతి కూడా కనిపెట్టాను. పైపుల్లోని గాలినీ తడినీ పీల్చేసే వాక్యూమ్ పంపు ఆ కుర్రవాళ్ల సంచిలో లేదు. పైపులు బిగించాక అవుట్‌డోర్ యూనిట్‌లోని వాయువును కొంచెం వదిలి, ఆ తోపుతో పైపుల్లోని గాలిని బయటికి పంపేస్తామన్నారు. తమ్ముడు ముందే హెచ్చరించాడు: "పంపు లేకుండా వచ్చినవాణ్ణి పైపు ముట్టుకోనివ్వకు అక్కా. గాలి కొంత పోవచ్చు, తడి పోదు. తడి లోపల నూనెతో కలిస్తే ఆమ్లం పుడుతుంది, రెండేళ్లలో కంప్రెసర్ లోపలి తీగ చుట్టలు మాడిపోతాయి." పైగా మా మిషన్‌లో ఉన్నది ఆర్-32. మెల్లగానైనా మండే గుణం ఉన్న వాయువు. దాన్ని ఊరికే గదిలోకి వదలకూడదు.

నాలుగు రోజుల తర్వాత తమ్ముడు చెప్పిన మెకానిక్ వచ్చారు. యాభై దాటిన మనిషి. సామాను మోయడానికి దుకాణం వాళ్లు సన్‌షేడ్ ఎక్కిన ఆ అబ్బాయినే పంపారు. పెద్దాయన గది చూశారు, బాల్కనీ చూశారు, డాబా మీదికి వెళ్లి పది నిమిషాల తర్వాత దిగివచ్చారు. "టీచరుగారూ, ఈ పడకగది గోడకు అవతల మెట్లే కదా. పైపులు మెట్ల లోపలి నుంచే పైకి తీసుకుపోదాం. మిషన్‌ను డాబా మీద మెట్ల గది గోడకు బిగిద్దాం. ఇప్పుడూ ఎవరూ బయట వేలాడనక్కరలేదు, రేపు సర్వీసింగ్‌కు వచ్చేవాడూ వేలాడనక్కరలేదు" అన్నారు. రేపు వచ్చేవాడి సంగతి నాకు తట్టనే లేదు. ఏటా రెండుసార్లు ఎవరో ఒకరు ఆ సన్‌షేడ్ మీదికి దిగవలసి వచ్చేది.

పెట్టెలో వచ్చిన మూడు మీటర్ల పైపు దీనికి చాలదు. ఐదు మీటర్లు కావాలి. మీటరుకు దాదాపు వెయ్యి రూపాయల చొప్పున అదనంగా పడింది. మా మిషన్ పుస్తకంలో ఐదు మీటర్ల వరకు వాయువు కలపనక్కరలేదని ఉంది కాబట్టి ఆ ఇబ్బంది రాలేదు. నీటి గొట్టం మాత్రం పైకి వెళ్లదు కదా, దాన్ని మెట్ల మూలగా పెరట్లోకి వాలుగా దించారు. బిగించాక ఒక చెంబు నీళ్లు పోసి, అవి ఆగకుండా కిందికి వచ్చేదాకా చూశారు.

డాబా మీద అన్నప్పుడు నాకు తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది పలాస దగ్గర తీరం దాటింది. జిల్లాలో కొబ్బరి, జీడి తోటలు ఎలా నేలకొరిగాయో చూసినవాళ్లం. ముప్పై కిలోలు దాటిన పెట్టె ఎగిరి వీధిలో పడితే? ఆ మాటే అడిగాను. ఆయన గోడలోకి మేకు బోల్టులు దిగ్గొట్టలేదు. తొమ్మిదంగుళాల ఇటుక గోడకు ఇటు నుంచి అటు రంధ్రాలు వేసి, పొడవు బోల్టులు దూర్చి, లోపలి వైపు ఇనుప పట్టీ వేసి దాని మీద నట్లు బిగించారు. గోడతో పాటు పోవాలే తప్ప మిషన్ ఒక్కటే ఊడదు. స్లాబుకు ఒక్క రంధ్రం కూడా పడలేదు.

పైపుల పని మొదలయ్యేటప్పుడు ఆయన మా అమ్మ దేవుడి గది వైపు చూసి మొహమాటంగా ఆగారు. అక్కడ దీపం వెలుగుతోంది. మండే వాయువుతో పని అన్న సంగతి చెప్పగానే అమ్మ తనే లేచి దీపం కొండెక్కించింది. "సాయంత్రం వెలిగించుకుంటాను నాయనా, నీ పని కానీ" అంది. కిటికీలన్నీ తెరిచాం.

ఆ తర్వాత మూడు గంటలు నేను అక్కడే కూర్చున్నాను. పైపును గోడ రంధ్రంలోంచి దూర్చే ముందు దుమ్ము పోకుండా మూతికి టేపు చుట్టారు. కోసిన అంచు గీరేటప్పుడు పొట్టు లోపల పడకుండా పైపు మూతిని కిందికి వంచి పట్టుకున్నారు. నట్టు తొడిగి, మూతిని గరాటులా విప్పి, నూనె చుక్క రాసి, చేత్తో తిప్పి, చివర టార్క్ రెంచితో టక్కున శబ్దం వచ్చేదాకా బిగించారు. వదులైతే వాయువు కారుతుంది, మరీ బిగిస్తే ఆ గరాటు అంచు పగులుతుంది.

తర్వాత లీకులు చూడడానికి పైపుల్లో నైట్రోజన్ నింపి 400 పీఎస్ఐ పీడనం వద్ద అరగంట వదిలారు. ఆక్సిజన్ సిలిండరు చవకగా దొరుకుతుంది కదా అని కొందరు వాడతారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. ఆక్సిజన్ కంప్రెసర్ నూనెకు తగిలితే పేలుతుంది, మనుషులు పోతారు. సబ్బు నురగ రాస్తే ఒక జాయింట్ దగ్గర చిన్న బుడగ ఉబ్బింది. ఎవరూ గమనించనంత చిన్నది. ఆయన విసుక్కోలేదు. నైట్రోజన్ వదిలేసి, ఆ మూతి కోసేసి, మళ్లీ మొదటి నుంచి చేశారు. మరో అరగంట. ఈసారి పీడనం చూపే ముల్లు కదల్లేదు.

ఇక పంపు. దానికి అతి తక్కువ పీడనాన్ని కొలిచే మైక్రాన్ గేజి తగిలించారు. తరగతిలో నేను ఏటా చెప్పే పాఠం ఆ చిన్న తెర మీద కనిపించింది. మన చుట్టూ ఉన్న గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసం, అంటే 7,60,000 మైక్రాన్లు. దాన్ని 500కు దించాలి. 30 డిగ్రీల వేడిలో నీరు దాదాపు 32,000 మైక్రాన్ల దగ్గరే మరిగిపోతుంది. అంటే పైపుల్లో అంటుకున్న తడి నిప్పు లేకుండానే ఆవిరై పంపులోకి పోతోంది. ఆ అబ్బాయిని పిలిచి చూపించాను. అంకెలు పడిపోతుంటే కళ్లార్పకుండా చూశాడు. 430కి వచ్చాక పంపు వాల్వు మూసి పావుగంట ఆగాం. కొంచెం పెరిగి 470 దగ్గర నిలిచింది. "లీకుంటే ఆగకుండా పెరుగుతూనే పోయేది" అని ఆయన ఆ అబ్బాయికి చెప్పారు. తడి మిగిలితే ఎక్కడిదాకా ఎక్కి ఆగుతుందో కూడా చెప్పారు. అతను ఫోనులో గేజి ఫొటో తీసుకున్నాడు.

వాయువు వాల్వులు తెరిచి, తీగలు కలిపి, ప్రతి స్క్రూ లాగి చూసి, ఎర్తు రెండు యూనిట్లకూ అందిందని మీటరుతో నిర్ధారించుకున్నాకే ఎంసీబీ ఎక్కించారు. ఇన్వర్టర్ మిషన్ మూత తెరవాలంటే కరెంటు ఆపిన తర్వాత కూడా కొన్ని నిమిషాలు ఆగాలని, కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుందని నాకూ మావారికీ విడిగా చెప్పారు. మిషన్ 24 డిగ్రీల దగ్గర మొదలైంది. ఏసీలోకి వెళ్లే గాలికీ అందులోంచి వచ్చే గాలికీ 11 డిగ్రీల తేడా చూపించింది. ఆ సాయంత్రం అమ్మ దీపం వెలిగించుకుని, రాత్రి 27కు పెట్టించుకుని తెల్లవారేదాకా నిద్రపోయింది.

అక్టోబరులో తుఫాను హెచ్చరిక రాగానే నేను మెట్ల గదిలోకి వెళ్లి లోపలి పట్టీ మీద నట్లు ఒక్కొక్కటీ తాకి చూశాను. ఏదీ కదల్లేదు. కిందికి వచ్చి ఎంసీబీ దించేశాను.