ఫియట్ డిలైట్: రంగు వలిచి రేకు దాకా

డిసెంబరు

బండి 1970 నాటి ఫియట్ 1100 డిలైట్. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్‌లో తయారైంది. ఇదే బండి 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్‌గా, 1974లో ప్రీమియర్ పద్మినిగా పేరు మార్చుకుంది కాబట్టి పద్మిని విడిభాగాలు చాలావరకు పనికొస్తాయి. ఇంజను, గేర్‌బాక్సు, సీట్లు, అద్దాలు, వైరింగు, పెట్రోలు ట్యాంకు అన్నీ దింపేశాను. విజయవాడలో నా షెడ్డులో ఇప్పుడున్నది తలుపులు తగిలించి ఉన్న ఉత్త డొల్ల. ఇంజను సంగతులు ఇక్కడ రాయను. ఇదంతా రంగు, లప్పం, తుప్పుల గొడవ.

తలుపులు ఉంచడానికి కారణం ఉంది. ఈ బండికి విడిగా ఛాసిస్ (బరువు మోసే అడుగు చట్రం) లేదు, బాడీయే ఛాసిస్. తలుపుల కింద పొడుగునా ఉండే రన్నింగ్ బోర్డులే దాని నడుముకు బలం. అవి తుప్పు తినేసి ఉంటే, తలుపులు పీకి అటూ ఇటూ జాకీలు పెట్టగానే మధ్యలో కుంగుతుంది. ఒకసారి కుంగాక కొత్త రేకు వెల్డింగ్ చేస్తే వంకర అలాగే స్థిరపడిపోతుంది. అందుకని ముందుగా ప్రతి తలుపు చుట్టూ సందులు కొలిచి, ఆ కొలతలు మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అతికించి, ఫొటోలు తీసుకున్నాను. వెల్డింగ్ అయ్యాక ఈ అంకెలే సాక్ష్యం.

గీకుడు మొదలుపెట్టే ముందు పలచటి గుడ్డ చుట్టిన చిన్న అయస్కాంతంతో బండంతా తడిమాను. రంగు మాత్రమే ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది. లప్పం మందంగా ఉన్నచోట జారిపోతుంది. జారిన చోటల్లా సుద్దముక్కతో గీత గీస్తే ఎడమ వెనక మడ్‌గార్డు, రెండు ముందు తలుపుల అడుగు భాగాలు, హెడ్‌లైట్ల చుట్టూ, ముందు అద్దం రబ్బరు కింద మూలలు తెల్లబడ్డాయి. ఫియట్ తెలిసినవారెవరికీ ఈ జాబితా కొత్త కాదు.

మా వీధి చివర పెయింటర్ మేస్త్రి వచ్చి చూసి, “బ్లో ల్యాంపు పెట్టి కాల్చేద్దాం సార్, పూట పని” అన్నారు. “వద్దు మేస్త్రి గారూ, రూఫ్ అలలు తేలుతుంది” అన్నాను. ఆయన వాదించలేదు, కానీ నమ్మనూ లేదు. వేడికి పలచటి రేకు ఉబ్బి, చల్లారాక మొదటి ఆకారానికి రాదు. దానికంటే పెద్ద భయం సీసం. ఆ కాలపు రంగుల్లో, ముఖ్యంగా పసుపు, ఎరుపు ఛాయల్లో, లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి ఉండేది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల వంతుల్లో 90కి) పరిమితం చేసిన నిబంధన మన దేశంలో 2017 చివరి నుంచే అమల్లోకి వచ్చింది. 1970 నాటి కారు రంగును కాల్చి ఆ పొగ పీల్చడం నాకు ఇష్టం లేదు. పొడిగా గీకినా అదే సీసం దుమ్ములో ఉంటుంది. కాబట్టి ముఖానికి కట్టే గుడ్డ చాలదు. సన్నటి దుమ్మును ఆపే పీ100 ఫిల్టర్లున్న రబ్బరు మాస్కు కొన్నాను. పని బట్టలు షెడ్డులోనే విడుస్తాను, ఇంట్లో బట్టలతో కలిపి ఉతకనివ్వను. రాలిన పొడిని ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తుతాను.

సంక్రాంతి తర్వాత

ఇక్కడ ఒక నియమం పెట్టుకున్నాను. ఒక రోజులో ఎంత మేర ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టగలనో అంత మేరే రేకు బయటపెట్టాలి. బండి మొత్తం వెండిలా మెరుస్తున్న ఫొటో అందరికీ కావాలి, నాకూ కావాలి. కానీ కృష్ణ ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో రాత్రి తేమ తగిలితే పొద్దున గీకిన రేకు మర్నాటికి పసుపు రాసినట్టు అవుతుంది. చెమట చేతితో ముట్టుకుంటే వేలిముద్రలే తుప్పుగా తేలతాయి. కనుక బానెట్ ఒక విడత, డిక్కీ మూత ఒక విడత, తలుపుకు ఒక విడత, రూఫ్ రెండు ముక్కలుగా. ఫొటో మాట మరిచిపోయాను.

మొదట పెయింట్ రిమూవర్ ప్రయత్నించాను, బానెట్ మీద. 40 నంబరు ఎమరీ కాగితంతో రంగును అడ్డదిడ్డంగా గీరి, రిమూవర్ మందంగా పూసి, ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కాగితం కప్పాలి. ఇరవై నిమిషాలకు రంగు ముడతలు పడి లేస్తుంది. ప్లాస్టిక్ గరిటెతో తోస్తే ముద్దలుగా వచ్చేస్తుంది. పై పొరలన్నీ ఒక్క విడతలో వచ్చాయి, అడుగు ప్రైమర్‌కు రెండో విడత పట్టింది.

అయితే దీనితో చిక్కులున్నాయి. బలమైన రిమూవర్లలో ఉండేది మిథిలీన్ క్లోరైడ్. దాని ఆవిరి గాలికన్నా బరువు, మూసిన షెడ్డులో నేల దగ్గర పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్లాక అందులో కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. మామూలు ఫిల్టరు మాస్కు దీన్ని ఎక్కువసేపు ఆపలేదు. నీలం నైట్రైల్ గ్లౌజులను నిమిషాల్లో దాటేస్తుంది. ఆరుబయట, గాలికి ఎదురుగా నిలబడకుండా, ఈ ద్రావణం దూరని లామినేట్ గ్లౌజులతోనే వాడాను. రెండో చిక్కు మడతల్లో ఉంది. రేకు మడత పెట్టిన అంచుల్లోకి, స్పాట్ వెల్డింగ్ జాయింట్లలోకి రిమూవర్ దూరితే కడిగినా పూర్తిగా పోదు. నెలల తర్వాత కొత్త రంగు కింద నుంచి బుడగలు తెస్తుంది. అంచుకు రెండు వేళ్ల ఎడంగా టేపు వేసి ఆ పట్టీని గ్రైండర్ డిస్కుతో గీకాను. మూలలున్న చోట రిమూవర్ అసలు వాడలేదు. చివరికి బానెట్‌కూ డిక్కీ మూతకూ తప్ప మరెక్కడా వాడలేదు.

మిగతాదంతా డిస్కు పనే. నల్లగా, పీచులా, రంధ్రాలతో ఉండే స్ట్రిప్ డిస్కు ఈ పనికి అన్నిటికన్నా మంచిది. రంగును, లప్పాన్ని తినేస్తుంది, రేకును పెద్దగా తినదు. నాలుగంగుళాల గ్రైండర్ మామూలుగా నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది. డిస్కు మీద రాసిన గరిష్ఠ వేగం దానికన్నా ఎక్కువ ఉండాలి. నేను వేగం తగ్గించే మీట ఉన్న గ్రైండర్ తీసుకుని 4,000 దగ్గర పెట్టుకున్నాను. రంగు కరిగి డిస్కుకు అంటుకోవడం తగ్గింది, డిస్కు ఎక్కువ కాలం వచ్చింది. లెక్క కావాలంటే: లప్పం లేని తలుపు బయటి వైపుకు ఒక డిస్కు, లప్పం ఉన్నదానికి రెండు. ఒకచోట ఆపి నొక్కకూడదు. అప్పుడప్పుడు గ్లౌజు తీసి మణికట్టు వెనక భాగం రేకు దగ్గర పెట్టి చూసుకోవాలి. సెగ తగిలితే ఇంకో మూలకు మారాలి. రేకు నీలిరంగు తిరిగిందంటే అప్పటికే ఆలస్యమైంది.

తీగల కప్పు బ్రష్ చాలామంది వాడతారు. నాకు దానిమీద సదభిప్రాయం లేదు. తుప్పు గుంటల మీద తిప్పితే తుప్పు పోదు, నల్లగా నిగనిగలాడుతుంది. చూడటానికి రేకు శుభ్రమైనట్టే ఉంటుంది. పైగా తెగిన తీగలు ముఖం మీదికి వస్తాయి. సందుల్లో చేతి బ్రష్ చాలు. ఎమరీ ముక్కలు వరుసగా పేర్చిన ఫ్లాప్ డిస్కును బయటి రేకుల దరిదాపులకు కూడా రానివ్వను. అది తొమ్మిది పదో వంతుల మిల్లీమీటరు మందం రేకును చూస్తుండగానే పలచబరుస్తుంది.

పొరల సంగతి

కుడి వెనక తలుపు మీద ఒక చోట 400 నంబరు కాగితంతో గుండ్రంగా రుద్దితే పొరలన్నీ వలయాలుగా కనిపించాయి. పైన తెలుపు, దానికింద మరో తెలుపు, బూడిద ప్రైమర్, ముదురు నీలం, మళ్లీ ప్రైమర్, అన్నిటికన్నా అడుగున లేత ఆకుపచ్చ. డ్యాష్‌బోర్డు వెనకా డిక్కీ లోపలా కూడా అదే ఆకుపచ్చ ఉంది కాబట్టి ఫ్యాక్టరీ రంగు అదేనని నమ్ముతున్నాను. ఎండ తగలని డ్యాష్‌బోర్డు వెనక భాగాన్ని గీకకుండా వదిలేశాను, రంగు కలిపించేటప్పుడు నమూనాగా చూపించడానికి. ఆర్‌సీ పుస్తకంలో తెలుపు అని ఉంది. ఆకుపచ్చకు మారిస్తే ఆర్‌టీవో దగ్గర ఆ మార్పు నమోదు చేయించాలి.

కాగితాల ప్రసక్తి వచ్చింది కనుక ఇంకో మాట. 2021 జులైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉన్న బండ్లకు ‘వీఏ’ వరుస నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము, పదేళ్ల గడువు. ఆ బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదు. ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదన్నది అందులో షరతు. అందుకే పాడైనచోట అదే ఆకారంలో రేకు అతకడం తప్ప నేను కొత్తగా ఏమీ చేయను. ఛాసిస్ నంబరు కొట్టి ఉన్నచోట డిస్కు తగలనివ్వలేదు. రిమూవర్ తడిపిన గుడ్డతో తుడిచి, ఫొటో తీసి, గ్రీజు పూసి టేపు వేశాను. ఆ అంకెలు అరిగిపోతే బండి ఎంత అందంగా తయారైనా కాగితాల మీద ఉండదు.

లప్పం కింద దొరికినవి

ఎడమ వెనక మడ్‌గార్డు మీద లప్పం బొటనవేలి మందం ఉంది. తీశాక కింద ఒక పాత గుద్దుడు. దాన్ని లాగి సరిచేయకుండా నింపేశారు. ముందు తలుపుల అడుగున గ్యాసుతో వేసిన ఇత్తడి మాట్లు. ఇత్తడిని పూర్తిగా గీకేయకుండా దాని మీద మిగ్ వెల్డింగ్ (కరెంటుతో ఇనుప తీగను కరిగించి అతికేది) పట్టదు, అతుకు పగులుతుంది. కాబట్టి మాటు ఉన్నంత మేరా కోసేసి కొత్త రేకు వేయడమే దారి. కుడి హెడ్‌లైటు గిన్నె కింద ఏదో డబ్బా రేకును రివెట్లు కొట్టి, తారు పూసి ఉంచారు. ఆ పని చేసినవారి మీద నాకు కోపం లేదు. ఆ రోజుల్లో కొత్త రేకు దొరక్క, బండి తెల్లారి మళ్లీ కిరాయికి వెళ్లాల్సి వచ్చి ఉంటుంది.

రూఫ్, వెనక స్తంభం కలిసేచోట డిస్కు కింద నుంచి మెత్తటి బూడిదరంగు లోహం వచ్చింది. తుప్పు లేదు, అయస్కాంతం పట్టదు, గోరుతో నొక్కితే గాటు పడుతుంది. సీసపు పూత. అది లోపం కాదు, జాయింటు కనిపించకుండా నింపడానికి వేసింది. గ్రైండర్ వెంటనే ఆపాను. సీసం, తగరం కలిసిన ఈ పూత 183 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది కాబట్టి వేడి కూడా తగలకూడదు. చుట్టూ రంగును పదునైన రేకుతో చేత్తో గీకి, పూతను ఉన్నది ఉన్నట్టే వదిలేశాను.

శాండ్‌బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో గింజలు కొట్టి రంగు, తుప్పు తీయడం) ఎందుకు చేయించలేదని ఆటోనగర్‌లో అందరూ అడిగారు. చేయించాను, కానీ వీల్ రిమ్ములు, సస్పెన్షన్ చేతులు, తలుపుల కబ్జాలు, సీటు ఫ్రేములకు మాత్రమే. బానెట్, రూఫ్, తలుపుల వంటి వెడల్పాటి రేకులు దానికి ఓర్చుకోలేవు. వేడి వల్ల వంగుతాయనుకుంటారు, అసలు కారణం వేరు. వేగంగా తగిలే గింజలు ఒకవైపు ఉపరితలాన్ని సన్నగా సాగగొడతాయి. రెండోవైపు సాగదు. దాంతో రేకు ఉబ్బుతుంది, దాన్ని తిరిగి సరిచేయడం మంచి టింకరుకు కూడా పరీక్షే. ఏటి ఇసుక వాడే చోట మాత్రం ఇవ్వకండి. పగిలిన సిలికా దుమ్ముతో పనివాళ్లకు సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది. గార్నెట్ వాడే చోటు వెతికి ఇచ్చాను. భీమిలి తీరపు ఇసుకలో ఎర్రగా మెరిసే గింజలూ గార్నెట్టే.

ఫిబ్రవరి, మార్చి

తుప్పు గుంటలున్నచోట ముందు 80 నంబరు కాగితంతో డీఏ శాండర్ (గుండ్రంగా అదురుతూ రుద్దే మెషిను), తర్వాత ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం. ఆరిపోకుండా తడిపెడుతూ, స్కాచ్‌బ్రైట్‌తో రుద్దుతూ, గుంట అడుగున నలుపు పోయేదాకా చేయాలి. తర్వాత నీళ్లతో కడిగి వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టి, మళ్లీ 80 నంబరు కాగితం తిప్పాలి. ఆ ఆమ్లం మిగిలిపోతే పైన వేసే ఎపాక్సీ ప్రైమర్ సరిగ్గా గట్టిపడదు, పొరలుగా లేస్తుంది. కబ్జాలు, బోల్టుల వంటి చిల్లర సామానుకు ఇదంతా అక్కరలేదు. లీటరు నీటికి 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపిన బకెట్లో రాత్రంతా ఉంచితే చాలు. పొద్దున వంటసోడా నీళ్లలో ముంచి ఎండలో పెట్టి నూనె రాయాలి.

ప్రైమర్ విషయంలో నేను రాజీ పడను. రెండు భాగాల ఎపాక్సీయే. దుకాణాల్లో చవకగా ఇచ్చే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) బూడిద ప్రైమర్ నీటిని పీల్చుకుంటుంది. దాన్ని కొట్టి బండిని ఒక వానాకాలం వదిలేస్తే లోపల తుప్పు మొదలవుతుంది, పైకి తెలియదు. లప్పం కూడా ఇప్పుడు ఎపాక్సీ మీదే పెడతాను, ఉత్త రేకు మీద కాదు.

కొట్టే రోజు చూసుకోవాల్సింది మంచు బిందువు, అంటే గాలిలో తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత. రేకు వేడి దానికన్నా కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. జనవరి ఉదయం 20 డిగ్రీలు, 90 శాతం తేమ ఉంటే మంచు బిందువు 18 దాటుతుంది, తేడా రెండు డిగ్రీలు కూడా ఉండదు. కంటికి కనపడని తడి అప్పటికే రేకు మీద ఉండొచ్చన్నమాట. అదే రోజు మధ్యాహ్నం 30 డిగ్రీలు, 50 శాతం తేమకు తేడా పదకొండు దాటుతుంది. అందువల్ల ఉదయం తొమ్మిది తర్వాత గీకుడు, రెండింటికి తుడుపు, మూడింటికి ప్రైమర్ అని అమర్చుకున్నాను. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందలకే వస్తుంది. దాని పక్కనే కంప్రెసర్‌కు నీరు పట్టే ఫిల్టరు. మన గాలికి ట్యాంకు అడుగున గ్లాసెడు నీళ్లు చేరతాయి, ప్రతి విడతకూ ముందు వదిలేయాలి.

తుడుపుకు రెండు గుడ్డలు. ఒకటి గ్రీజు తీసే ద్రావణంతో తడిపి, ఆరకముందే రెండోది పొడిగా. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డు ఇక్కడి నుంచి అక్కడికి మారుతుందే తప్ప పోదు. స్ప్రే గన్ నాజిల్ 1.6 మి.మీ., గన్ దగ్గర ఒత్తిడి 30 పీఎస్‌ఐ. రెండు పూతలు, మధ్యలో ఇరవై నిమిషాలు. డబ్బా మీద రాసిన గడువు దాటాక పై పూత వేస్తే ముందు రుద్దాల్సి వస్తుంది, కనుక కొట్టిన తేదీ టేపు మీద రాసి ఆ భాగానికే అంటిస్తున్నాను.

మార్చి ముగిసేసరికి బానెట్, డిక్కీ మూత, రూఫ్, నాలుగు తలుపులు, కుడివైపు మడ్‌గార్డులు ఎపాక్సీలో ఉన్నాయి. ఎడమ వైపు తలుపులకు తప్ప ఉద్దేశపూర్వకంగానే ప్రైమర్ కొట్టలేదు. అక్కడ రన్నింగ్ బోర్డు, ముందు ఫ్లోర్ కోయాలి. వెల్డింగ్ ముందు ప్రైమర్ కొడితే మళ్లీ గీకాల్సిందే. కోసేటప్పుడు బండి కుంగకుండా తలుపు సందుల్లో అడ్డకమ్ములు వెల్డింగ్ చేయించడానికి అంగుళం చదరపు పైపు తెచ్చి పెట్టాను. ఎండలు 40 దాటితే ప్రైమర్ గన్ నుంచి రేకు చేరేలోపే ఆరిపోతోంది, నెమ్మదిగా ఆరే థిన్నర్ కావాలి. జూన్‌లో వానలు దిగేలోగా ఆ వైపు రేకు మూతపడాలి.