ఏ రేటుకు ఆడుతుంది?

"ఏమ్మా, దీన్ని ఎంతకి అడుగుదాం?"

మా బాబాయ్ గారు ఈ మాట అడిగే వేళకి సినిమా సగం కూడా తీసి ఉండదు. కొన్నిసార్లు పేరే ఉండదు. ఫైలు మీద "ప్రొడక్షన్ నెం. 4" అని రాసుకుంటాను, అంతే. హీరో ఎవరో తెలుసు, డైరెక్టర్ ఎవరో తెలుసు, ముహూర్తం ఫొటో పేపర్లో చూశాం. ఆ మాత్రం దాని మీద, మా ఏరియా హక్కులకు ఎంత ఇవ్వొచ్చో ఒక అంకె చెప్పాలి.

విజయవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఓనర్ గారిని ఆఫీసులో అందరం బాబాయ్ గారూ అనే పిలుస్తాం. మాది కృష్ణా ఏరియా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 26 అయ్యాయి గానీ మాకు మాత్రం పాత హద్దులే. కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లినా మా రిజిస్టర్లో ఇంకా కృష్ణాలోనే ఉన్నాయి. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్లకు వదిలేసిన రాయలసీమ జిల్లాలను ఇప్పటికీ సీడెడ్ అని పిలుచుకునే వ్యాపారం మాది. హద్దులు మారితే పాత షేర్లతో, అంటే పన్నులు, థియేటర్ రెంట్లు పోగా మాకు మిగిలిన డబ్బుతో, పోల్చుకోవడం కుదరదు. పాత షేరు లేకపోతే మాకు చేతిలో కొలబద్దే లేదు.

మా ఇంట్లో వాళ్లు, అపార్ట్‌మెంట్లో వాళ్లు ఎప్పుడూ ఒకటే అడుగుతారు, "ఆ సినిమా ఆడుతుందా?" అని. ఆ ప్రశ్నకు నా దగ్గర ఎప్పుడూ జవాబు లేదు. నాకు తెలిసిన ప్రశ్న వేరు. ఏ రేటుకు ఆడుతుంది?

ఒక లెక్క చూపిస్తాను. కృష్ణా హక్కులు 2 కోట్లకు చెబుతున్నారనుకోండి. పబ్లిసిటీ, డిజిటల్ ప్రింట్ల ఖర్చు ఇంకో 15 లక్షలు. అంటే 2 కోట్ల 15 లక్షలు షేర్‌గా వస్తే గానీ మేం గట్టెక్కం. టికెట్ సగటున 110 రూపాయలు పెట్టుకుందాం. వంద దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ. అది తీసేస్తే 93 రూపాయలు. థియేటర్ రెంట్లు, మిగతా కోతలు పోగా, ఆ ఏరియా, ఆ వారం బట్టి, నా అంచనాలో టికెట్‌కు 56 రూపాయలు మిగులుతాయి. 2 కోట్ల 15 లక్షలను 56తో భాగించండి. మూడు లక్షల ఎనభై నాలుగు వేల టికెట్లు. 2011 జనాభా లెక్కల్లో పాత కృష్ణా జిల్లా జనం 45 లక్షల చిల్లర. పసిపిల్లలు, ముసలివాళ్లు, మంచం పట్టినవాళ్లు అందరినీ కలిపి దాదాపు పన్నెండు మందిలో ఒకరు లేచి, చెప్పులేసుకుని, ఈ సినిమాకి రావాలి. అది కూడా రెండు మూడు వారాల్లోపు.

ఈ లెక్క ఒక కాగితం మీద రాసి బాబాయ్ గారి ముందు పెడితే ఆయన కాసేపు మాట్లాడరు. నిర్మాత తరఫున రేటు చెప్పడానికి వచ్చిన మేనేజర్ కూడా మాట్లాడడు. "రెండు కోట్లు" అంటే అది ఒక అంకెలాగే వినిపిస్తుంది. "పన్నెండు మందిలో ఒకరు" అంటే మా వీధి కళ్ల ముందుకొస్తుంది. మా వీధిలో ఎవరు వెళ్తారు, ఎవరు ఫోన్లో వచ్చేదాకా ఆగుతారు అని మనసులో ఇల్లిల్లూ తిరిగి చూసుకుంటాను.

రేట్లు మామూలుగా ఎలా కడతారంటే, హీరో కిందటి సినిమా ఈ ఏరియాలో ఫుల్ రన్‌లో ఎంత షేర్ చేసిందో చూసి, దాని మీద కొంచెం వేసి చెబుతారు. కాంబినేషన్ బాగుంటే ఇంకొంచెం. కిందటి సినిమా సంక్రాంతికి వచ్చి, పోటీ లేక ఆడి ఉండొచ్చు. ఈ సినిమా వర్షాకాలంలో రావచ్చు. ఆ తేడా రేటులో ఎవరూ తగ్గించరు. ఇది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే చివరికి ఆ తేడాను మోసేది ఏరియా కొన్నవాడూ, ఊళ్లో థియేటర్ నడిపేవాడూ.

తీస్తున్న సినిమా విషయంలో నేను మొదట చూసేది టీజర్ కాదు, క్యాలెండర్. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు రిలీజ్ అన్నారు, ఎన్నిసార్లు మార్చారు. ఫైలు అట్ట లోపలివైపు ఈ తేదీలు వరసగా రాస్తాను. ఎందుకంటే మా అడ్వాన్సు రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. 50 లక్షలు ఇస్తే నెలకు లక్ష. సినిమా ఏడాదిన్నర ఆలస్యమైతే పద్దెనిమిది లక్షలు, బొమ్మ పడకముందే పోయినట్టు.

అలాగని ఆలస్యమైన ప్రతి సినిమా పోతుందా అంటే కాదు. ఆర్ఆర్ఆర్ తేదీలు నా దగ్గర ఇంకా ఉన్నాయి. 2020 జూలై 30 అన్నారు. తర్వాత 2021 జనవరి 8. ఆ తర్వాత అక్టోబర్ 13. ఆ తర్వాత 2022 జనవరి 7. చివరికి 2022 మార్చి 25న వచ్చింది, ఎలా ఆడిందో అందరికీ తెలుసు. హను-మాన్ కూడా అంతే. 2022 నవంబర్‌లో టీజర్ వచ్చేదాకా దాని గురించి మా ఆఫీసుకి ఫోన్ చేసి అడిగినవాళ్లు లేరు. టీజర్ వచ్చిన సాయంత్రం నుంచి ఫోన్లు. తర్వాత 2023 మే 12 అన్న తేదీ గ్రాఫిక్స్ పని కోసం పోయింది. 2024 జనవరి 12న, మహేష్ బాబు సినిమా వచ్చిన రోజే, తక్కువ థియేటర్లతో వచ్చింది. ఆ తర్వాత థియేటర్లు పెరుగుతూ పోయాయి.

కాబట్టి చూడాల్సింది ఎంత ఆలస్యమని కాదు, ఎందుకు ఆలస్యమని. పని కోసం ఆగిందా, డబ్బు కోసం ఆగిందా? బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ప్రెస్‌నోట్ కూడా రెంటికీ ఒకటే, "మంచి ఔట్‌పుట్ కోసం" అని. 2025 ఆగస్టులో కార్మికుల సమ్మెతో షూటింగులు ఆగినప్పుడు అందరి తేదీలూ కదిలాయి, అది వేరే సంగతి.

తేడా తెలుసుకోవడానికి నాకు ఒక దారి ఉంది. మా పెద్దమ్మ మనవడు హైదరాబాద్‌లో డైరెక్షన్ డిపార్ట్‌మెంట్లో చేస్తున్నాడు. వాణ్ని కథ అడగను. అది వాడి ఉద్యోగానికి సంబంధించిన నమ్మకం, వాడు చెప్పబోయినా నేనే వద్దంటాను. సాధారణంగా యూనిట్లలో ఎలా జరుగుతోందో మాత్రం రెండు ప్రశ్నలు అడుగుతాను. పొద్దున మొదటి షాట్ ఎన్నింటికి తీస్తున్నారు? బత్తాలు, అంటే యూనిట్ వాళ్ల రోజు ఖర్చుల డబ్బు, ఏ రోజుకారోజు పడుతున్నాయా?

మొదటి షాట్ రోజూ పదకొండు దాటితే ఆ సెట్లో ఏదో తేలడం లేదని అర్థం. సీన్ కాగితం అప్పటికప్పుడు రాస్తున్నారో, హీరో రావడం లేదో, డైరెక్టర్‌కీ కెమెరామన్‌కీ పడటం లేదో. బత్తాలు ఆగితే మాత్రం అది నేరుగా నా లెక్కలోకి వస్తుంది. డ్రైవర్‌కీ, లైట్‌మన్‌కీ ఇచ్చే డబ్బే లేనప్పుడు మిగతా షెడ్యూల్ వడ్డీ డబ్బుతో తీస్తారు. ఆ వడ్డీ రేపు మా రేటులోకి ఎక్కుతుంది.

ఈ సంగతి నాకు బాగా తెలిసే ఒకసారి చేయకూడని పని చేశాను. ఆ సినిమా పేరు రాయను, తీసినవాళ్ల పేర్లూ రాయను. టీజర్‌కి వ్యూస్ విపరీతంగా వచ్చాయి. కోటీ తొంభై లక్షలు, ఎన్ఆర్ఏ. అంటే వెనక్కి రాని డబ్బు, పోతే మాదే. నేను అంకె వేసి ఇచ్చాను, బాబాయ్ గారు సంతకం పెట్టారు. నెల తిరక్కుండానే మావాడు మాటల్లో, "అక్కడ రెండు నెలలుగా బత్తాలు లేవంట అత్తా" అన్నాడు. నేను ఆ మాట బాబాయ్ గారికి చెప్పలేదు. అప్పటికే అడ్వాన్సు ఇచ్చేశాం, చెప్పి ఆయన్ని టెన్షన్ పెట్టడం ఎందుకులే అనుకున్నాను. అప్పుడే చెప్పి ఉంటే మిగతా వాయిదాలు ఆపి, రేటు మాట్లాడుకునే వీలుండేది.

పద్నాలుగు నెలలు ఆలస్యంగా వచ్చింది. శుక్రవారం మార్నింగ్ షో, మ్యాట్నీ హౌస్‌ఫుల్. ఆఫీసులో స్వీట్లు పంచారు. నేను సోమవారం మ్యాట్నీ కోసం చూస్తున్నాను. సోమవారం మధ్యాహ్నం బందరు నుంచి మా రిప్రజెంటేటివ్ ఫోన్. ముప్ఫై ఏళ్ల సర్వీసు ఆయనది, ఎప్పుడూ పెద్ద గొంతుతో మాట్లాడతారు. ఆ రోజు మెల్లగా, "రాసుకోమ్మా, నలభై ఒకటి" అన్నారు. రూపాయలు వేలల్లోనా అని అడిగాను. "టికెట్లమ్మా" అన్నారు. ఆ డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ల లెక్క రాసిన కాగితం, ఇంకా నా సొరుగులో ఉంది. ఆ ఏడాది బాబాయ్ గారు గన్నవరం దగ్గర స్థలం అమ్మారు. నన్ను ఒక్క మాట అనలేదు.

అందుకే ఇప్పుడు ఏ సినిమా గురించి ఆలోచించినా సోమవారం మ్యాట్నీ నుంచే మొదలుపెడతాను. శుక్రవారం అభిమానులు వస్తారు, శని ఆదివారాలు సెలవు తోసుకొస్తుంది. సోమవారం మధ్యాహ్నం రెండున్నరకు గుడివాడలో ఈ సినిమాకి ఎవరొస్తారు? కాలేజీ ఎగ్గొట్టే కుర్రాళ్లా, వంట ముగించుకుని వచ్చే ఆడవాళ్లా, పొలం పని లేని రోజుల్లో పల్లెల నుంచి వచ్చేవాళ్లా? తీస్తున్న సినిమాలో ఆ మనుషుల కోసం ఏముంది? దీనికి కథ మొత్తం తెలియక్కర్లేదు. పోస్టర్‌లో, మొదటి పాటలో చాలావరకు తెలిసిపోతుంది.

2024 డిసెంబర్ మొదటి వారం. సత్యనారాయణపురంలో టైలర్ దగ్గర జాకెట్లు తీసుకోవడానికి వెళ్లాను. నాలుగు మిషన్లు, నలుగురు ఆడవాళ్లు. హెమ్మింగ్ చేస్తున్న అమ్మాయి ఫోన్లో "గోదారి గట్టు మీద" పాట పెట్టింది. పాట వచ్చి రెండు మూడు రోజులే. రమణ గోగుల గొంతు వినగానే పెద్దావిడ మిషన్ ఆపి, "ఇతను మళ్లీ పాడుతున్నాడా!" అంది. పాట అయిపోగానే "ఇంకోసారి పెట్టవే" అంది. పాట ఎలా ఉందన్న మాట ఎవరూ ఎత్తలేదు. "పండక్కి అమ్మాయి వాళ్లు వస్తారుగా, అందరం వెళ్దాం" అంది ఇంకొకావిడ. కూతురు, అల్లుడు, ఇద్దరు పిల్లలు, ఈవిడ. ఒక్క మాటలో ఐదు టికెట్లు తెగాయి. జాకెట్లు తీసుకోవడం మరిచిపోయి మళ్లీ వెనక్కి వెళ్లాను.

మర్నాడు బాబాయ్ గారితో చెప్పాను, సంక్రాంతికి జనం ఆ పాట ఉన్న వెంకటేష్ సినిమా "సంక్రాంతికి వస్తున్నాం"కే వెళ్తారని. అదే బేనర్ నుంచి ఏళ్ల తరబడి షూటింగ్ జరిగిన పెద్ద సినిమా కూడా ఆ సంక్రాంతికే వస్తోంది. అందరి చూపూ దాని మీదే. "పాట ఒక్కటి పట్టుకుని చెప్తున్నావా అమ్మా" అన్నారు. పాట పట్టుకుని కాదు బాబాయ్ గారూ, ఆ ఐదు టికెట్లు పట్టుకుని అన్నాను. వెంకటేష్ సినిమా మా చేతికి వచ్చేదీ కాదు, మేం చేయగలిగిందీ లేదు. 2025 జనవరి 14 తర్వాత పది రోజులు గాంధీనగర్‌లో ఎవరి నోట విన్నా అదే సినిమా.

ఓటీటీల సంగతి ఒక మాట చెప్పాలి. కరోనాకు ముందు రిలీజ్ తేదీ మీద మా మాట కొంచెం చెల్లేది. పరీక్షల టైమండీ, వారం ఆగండి అంటే వినేవాళ్లు. ఇప్పుడు చాలా సినిమాలకు డిజిటల్ హక్కులు కొన్నవాళ్ల షెడ్యూల్‌ను బట్టి తేదీ పడుతోంది. అందుకని ఇప్పుడు ఫైల్లో ఇంకో గడి గీశాను, డిజిటల్ బేరం అయ్యిందా లేదా అని. అవ్వకపోతే నిర్మాత తన లోటంతా ఏరియాల మీద వేస్తాడు. అది తప్పని నేను అనను, ఆయన కూడా ఎక్కడో ఒకచోట నుంచి తేవాలి. కానీ ఆ లోటును పన్నెండు మందిలో ఒకడు అనే లెక్క మోయగలదా అన్నది మేం చూసుకోవాలి.

ఇప్పుడు నా బల్ల మీద ఒక ఫైలుంది. సినిమా అరవై శాతం అయ్యిందట. చెబుతున్న రేటు రెండు కోట్ల పది లక్షలు, ఎన్ఆర్ఏ. అట్ట లోపల రెండు తేదీలు కొట్టేసి ఉన్నాయి. డిజిటల్ గడి ఖాళీ. నిన్న గుడివాడలో మాకు ఎప్పటినుంచో తెలిసిన థియేటర్ ఆయనకు ఫోన్ చేశాను. "ఆ హీరోకి కుర్రాళ్లు వస్తారండీ, మొదటి మూడు రోజులు నాకు ఢోకా లేదు. నాలుగో రోజు మీరే చెప్పాలి" అన్నారు.

రాత్రి మావాడితో కూడా మాట్లాడాను. బత్తాలు పడుతున్నాయట. మొదటి షాట్ ఎనిమిదిన్నరకే తీస్తున్నారట. అది విని కొంచెం ధైర్యం వచ్చింది.

నేను వేసిన అంకె ఇది: అడ్వాన్స్ పద్ధతి, అంటే లోటొస్తే నిర్మాత సర్దే పద్ధతి అయితేనే, ఒక కోటి నలభై లక్షలు. లోటొస్తే తర్వాతి సినిమాలో సర్దుతామని నోటితో చెప్పడం కాకుండా కాగితం మీద రాసివ్వాలి. ఫైల్లో పెన్సిల్‌తో రాసి పెట్టాను. మేనేజర్ రేపు పదకొండింటికి వస్తానన్నారు. ఈసారి బాబాయ్ గారికి అన్నీ చెప్పేశాను, విన్నవి విన్నట్టు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "కోటి ముప్ఫై నుంచి మొదలుపెడదాం లేమ్మా" అన్నారు.