నెల్లూరు ఎండలో డిల్ పికిల్

మా ఇంట్లో ఊరగాయ అంటే నూనె, కారం, ఆవపిండి, మెంతిపిండి. నీళ్లచుక్క తగలగూడదు, తడిచెయ్యి పెట్టగూడదు, తుడిచిన గరిటెనే మళ్లీ తుడవాలి. అట్టాంటి ఇంట్లో సీసా నిండా ఉప్పునీళ్లు పోసి, కీరదోసకాయలు ముంచి, ఇదీ ఊరగాయే అంటే మా అత్తమ్మ ఒప్పుకుంటుందా? "నీళ్లలో ఊరేదేందమ్మా, కుళ్లిపోద్ది" అనింది. ఆమె భయం న్యాయమే. ఆవకాయలో బూజు పట్టించేది ఆ నీళ్లే కదా.

అయితే ఇక్కడ ఆ నీళ్లే పని చేస్తాయి. కాయ తొక్కమీద ఉండే లాక్టిక్ బ్యాక్టీరియా ఉప్పుకి తట్టుకుంటుంది, కుళ్లబెట్టే రకాలు చాలావరకు తట్టుకోలేవు. కాయ మునిగే ఉంటే గాలి అందదు కాబట్టి బూజుకీ చోటుండదు. దోసకాయలో ఉన్న కాస్త చక్కెరనీ ఆ బ్యాక్టీరియా తిని పులుపు చేస్తుంది, ఆ పులుపే కాయని కాపాడుతుంది. మజ్జిగ మిరపకాయలు వేసే వాళ్లకి ఇదేమీ వింత కాదు, పెరుగు తోడుకునేదీ ఇదే జాతి బ్యాక్టీరియాతో. సూపర్ మార్కెట్‌లో దొరికే సీసాల్లో ఎక్కువ భాగం వెనిగర్‌లో వేసినవి, వాటి పులుపు బయటినుంచి పోసిందే. నేను చెప్పేది వెనిగర్ లేకుండా న్యూయార్క్ యూదుల దుకాణాల్లో పీపాల్లో ఊరబెట్టి అమ్మి పేరు తెచ్చిన రకం గురించి.

డిల్ అంటే మన సోయకూర. హైదరాబాద్‌లో కట్టలు కట్టి అమ్ముతారు, బెంగుళూరులో సబ్బసిగె అని ఏ వీధిలోనైనా దొరుకుతుంది, నెల్లూరులో మాత్రం అడిగితే సోంపా అని ఎదురడుగుతారు. ఫతేఖాన్‌పేట రైతుబజారులో ఎంత వెతికినా కనపడక చివరికి కుండీలో నేనే చల్లుకున్నాను. కార్తీకం వానలు తగ్గాక చల్లాలి, ముందే చల్లితే మన ఈశాన్య రుతుపవనం వానకి మొలకలు కొట్టుకుపోతాయి. నారు పోసి పీకి నాటితే బతకడం కష్టం, కొత్తిమీర లాగా నేరుగా చల్లుకోవడమే. ఎండలు ముదిరితే ఆకు తగ్గి పూతకొస్తుంది, దానికి బాధపడొద్దు, ఈ పచ్చడికి గొడుగులాంటి ఆ పసుప్పచ్చ పూతే ఆకుకన్నా బాగుంటుంది. మొక్క పెంచే ఓపిక లేకపోతే మూలికల కొట్లో శతపుష్ప గింజలు అడగండి, లీటరు నీళ్లకి రెండు చెంచాలు చాలు. గింజ చేతిలో నలిపి వాసన చూపిస్తే అత్తమ్మ చప్పున పట్టేసింది: "ఇది పిల్లోళ్లకి పోసే గ్రైప్ వాటర్ వాసన గదా!" నిజమే, గ్రైప్ వాటర్‌లో పడేది ఈ గింజల నూనే.

కాయల దగ్గర బేరం పెట్టుకోవద్దు. సలాడ్‌కి కోసే పొడుగు కీరలో నీళ్లూ గింజలూ తప్ప ఏమీ ఉండవు, ఊరితే మెత్తని గుజ్జవుతుంది. వేలెడంత పొడుగు, గట్టిగా, తొక్కమీద చిన్న చిన్న బొడిపెలున్నవి, కోసిన రోజువే కావాలి. పప్పులో వేసే పసుపు దోసకాయ అసలు వేరే జాతి, అది ఖర్బూజాకి చుట్టం, దానికి ఆవపెట్టిన దోసావకాయే మర్యాద. మనసుకి కష్టమేసేదేమంటే, ఈ పచ్చళ్లకే పనికొచ్చే గెర్కిన్ అనే బుల్లి కీరలు మన రాష్ట్రంలోనే కుప్పం వైపు పండిస్తారు, కర్ణాటకలో ఇంకా ఎక్కువ, అవన్నీ డ్రమ్ముల్లోకెక్కి ఓడల్లో విదేశాలకి పోతాయి. మనకి మాత్రం మార్కెట్‌లో కంటికి కనపడవు.

చేసే పని చిన్నదే. కాయలు కడిగి ఒక గంట చల్లని నీళ్లలో వెయ్యండి. తర్వాత ప్రతి కాయకీ తొడిమ కాకుండా పూత వైపు చివర సన్నటి బిళ్ల కోసి పారెయ్యాలి, నఖం మందం చాలు. కాయని మెత్తబరిచే ఎంజైములు ఆ చివరే ఎక్కువుంటాయి. దీన్ని వదిలేసి ఎన్ని చిట్కాలు పాటించినా కరకర రాదు. విదేశాల్లో కరకర కోసం ద్రాక్షాకు వేస్తారు, నేను పెరట్లో జామాకు రెండు వేస్తాను, వగరు ఉంటుంది కాబట్టి. కానీ ఆ చివర కోసేస్తే ఏ ఆకూ లేకపోయినా నడుస్తుంది. సీసా అడుగున సోయకూర, వెల్లుల్లి రెబ్బలు నాలుగైదు నలిపి, మిరియాలు, కొన్ని ఆవాలు, నిలువుగా చీరిన పచ్చిమిర్చి ఒకటి. వాళ్ల వంటలో పచ్చిమిర్చి తప్పనిసరేం కాదు, అది మన ముద్ర. పైన కాయలు నిలబెట్టి ఇరికించండి.

లీటరు నీళ్లకి 50 గ్రాముల ఉప్పు. చెంచాలతో కాదు, తూకం వెయ్యండి, రాళ్లుప్పు చెంచా ఒక బరువు, మెత్తుప్పు చెంచా ఇంకో బరువు. మనకి ఇసకపల్లి మడుల ఉప్పు పక్కనే ఉంది, ప్యాకెట్ ఉప్పుకన్నా అదే నయం, కాకపోతే మట్టి ఉంటుంది కాబట్టి కరిగించి గుడ్డలో వడగట్టాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, కాచి బాగా చల్లార్చి పొయ్యండి. కాయలు పైకి తేలకుండా చిన్న గాజుగిన్నె బరువు పెట్టి, మూతి మీద వాసెన కడితే అయిపోయింది.

ఇప్పుడు ఎండ సంగతి. అమెరికా వ్యవసాయ శాఖ సూచనల్లో 21 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంచి 3, 4 వారాలు ఊరనివ్వమని, 27 దాటితే కాయలు మెత్తబడతాయని ఉంటుంది. 27! మన వంటింట్లో ఆ చల్లదనం సంక్రాంతి రాత్రుల్లో తప్ప ఉండదు, రోహిణి కార్తెలో 40 దాటే ఊరు మనది. అందుకని ఆ వారాల లెక్క ఇక్కడ పట్టుకోగూడదు. వేడికి బ్యాక్టీరియా పరుగులు పెడుతుంది, మర్నాటికే బుడగలు లేస్తాయి, నీళ్లు తెల్లగా మసకబారతాయి (కంగారొద్దు, అట్టాగే ఉండాలి), మూడో రోజుకి పులుపు నాలుకకి తెలుస్తుంది. అప్పుడే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి, మిగతా ఊరడం అక్కడ నిదానంగా జరుగుతుంది. ఆ రెండు మూడు రోజులైనా సీసాని తడి ఇసక తొట్టిలో, కుండని పెట్టినట్టు, గాలి తగిలే నీడలో ఉంచితే మంచిది. నేనైతే మార్చి దాటాక అసలు వెయ్యను, అప్పుడు మామిడికాయ ఉండగా దీనితో పనేముంది.

పైన పల్చటి తెల్ల పొర కడితే చెంచాతో తీసేస్తే చాలు. రంగురంగుల బూజొచ్చినా, కాయ జిగురుగా జారినా, కుళ్లు కంపు కొట్టినా మొహమాటపడకుండా మొత్తం పారెయ్యండి. బీపీ ఉన్నవాళ్లు ఒక ముక్కతో ఆపుకోవాలి, ఉప్పు బాగానే ఉంటుంది.

అత్తమ్మ ఇప్పుడు పెరుగన్నంలోకి చక్రాలుగా కోయించుకుని తింటుంది. అయినా ఊరగాయల లెక్కలో దీన్ని కలపదు, సీసా కూడా జాడీల అరలో పెట్టనివ్వదు. కాయలైపోయాక మిగిలిన నీళ్లు మాత్రం పారబొయ్యనీదు. మిరియాల చారులో చింతపండు సగానికి తగ్గించి, దించాక రెండు గరిటెలు పోస్తుంది. మీరూ పోసి చూడండి, అయితే చారులో ఉప్పు ముందే వెయ్యొద్దు.