సొన్ వంతెన, ఒమా, గరిక

ఆదివారం, సెప్టెంబర్ 17, 2023

పొద్దున సైకిలు తీసింది గరిక కోసం. ఈసారి వినాయక చవితి సోమవారమా మంగళవారమా అన్నది హైదరాబాద్‌లోనే సరిగా తేలలేదు. మేం మాత్రం సోమవారమే అనుకున్నాం, మంగళవారం నాకు ఆఫీసులో డెమో ఉంది కాబట్టి. నెదర్లాండ్స్‌లో, ఈ ఐండ్‌హోవెన్‌లో 21 పత్రులు అయ్యే పని కాదు. కుండీలో తులసి ఉంది, తెలిసినవాళ్లింట్లో మరువం ఉంది, మామిడాకులు ఇండియన్ షాపులో దొరికాయి. కాలువ గట్టున గరిక ఉంటుందని పోయినేడు కనిపెట్టాను. అది గరికో, గరికలా కనిపించే ఇంకేదో గడ్డో నాకు తెలియదు. వినాయకుడు ఇప్పటిదాకా అభ్యంతరం చెప్పలేదు.

గరిక వంకతో సొన్ దాకా పోయాను. నిజానికి పక్కింటి ఒమా రమ్మంది. డచ్‌లో ఒమా అంటే నానమ్మ, అమ్మమ్మ, ఎవరైనా సరే. మా పాప పిలుస్తుందని నేనూ అలాగే పిలుస్తాను. ఆమె పుట్టింది సొన్‌లో. పదకొండింటికల్లా వంతెన దగ్గర ఉండు, కుర్చీ ఆపి పెడతాను అని నిన్ననే చెప్పింది.

సొన్ మాకు సైకిలు మీద అరగంట. ఊళ్లోకి పోవాలంటే విల్‌హెల్మినా కాలువ దాటాలి. ఆ వంతెన మీదుగా ఐదేళ్లుగా తిరుగుతున్నా ఒక్కసారి కూడా ఆగి చూసింది లేదు. ఇవాళ దాని పక్కన పాతకాలపు జీపులు బారులు తీరాయి. ముదురాకుపచ్చ రంగు, ముందు మూత మీద తెల్ల నక్షత్రం. భుజం మీద గద్ద బొమ్మ కుట్టిన యూనిఫాంలలో కుర్రాళ్లు కాఫీ తాగుతున్నారు. అమెరికన్ సైనికుల వేషాలు, మాటలు మాత్రం అచ్చం ఈ ప్రాంతపు బ్రబాంట్ యాస. అందులో ఒకతను నన్ను చూసి చెయ్యూపాడు. ఎవరా అని చూస్తే మొన్న మా ఇంట్లో హీటర్ బాగుచేసినతను! హెల్మెట్ పెట్టుకుంటే ఎంత మారిపోయాడో.

1944లోనూ, రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊళ్లు జర్మన్ల చేతిలో ఉన్నప్పుడు, సెప్టెంబర్ 17 ఆదివారమేనట. ఒమాకు అప్పుడు ఏడేళ్లు. చర్చికి పోయొచ్చి, భోజనాలప్పుడు విమానాల మోత విని అందరూ పెరట్లోకి పరిగెత్తారు. పైన ఎవరో దిండు చింపి దూది వదిలారని అనుకుందట. అవి పారాచూట్లు. అమెరికా 101వ ఎయిర్‌బోర్న్ డివిజన్ వాళ్లు ఆ మధ్యాహ్నం ఈ చుట్టుపక్కల పొలాల్లో ఆరు వేల మందికి పైగా దిగారు. వాళ్ల పని వంతెనలు పేలకముందే పట్టుకోవడం. బెల్జియం సరిహద్దు నుంచి బ్రిటిష్ ట్యాంకులు ఒకే రోడ్డు మీద ఒకదాని వెనక ఒకటి వచ్చి, ఇలాంటి వంతెనలన్నీ దాటి, ఉత్తరాన 100 కిలోమీటర్ల దూరంలోని ఆర్నెమ్ చేరుకోవాలి. పేరు ఆపరేషన్ మార్కెట్ గార్డెన్. ఏ ఒక్క చోట తేడా వచ్చినా మొత్తం ఆగిపోయే ప్లాన్. మా ఆఫీసు రిలీజ్ ప్లాన్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను గానీ, అక్కడ ప్రాణాలు పోతాయి.

తేడా ఇక్కడే వచ్చింది. అమెరికన్లు ఇంకొంచెం దూరంలో ఉండగానే, వాళ్ల కళ్లముందే జర్మన్లు సొన్ వంతెన పేల్చేశారు.

దాన్నే ఇవాళ ఆడి చూపించారు. కుర్రాళ్లు చెట్ల చాటు నుంచి వంగి వంగి పరిగెత్తుకొచ్చారు, ఢామ్మని పొగ లేచింది, పిల్లలు చెవులు మూసుకున్నారు, ఎవరిదో కుక్క గొలుసు తెంచుకుని పారిపోయింది. తర్వాత పలకలు అడ్డం పెట్టి ఒక్కొక్కరూ కాలవ దాటినట్టు చూపించారు. అప్పుడూ అలాగే దాటారు, దొరికిన చెక్కలన్నీ తెచ్చి. మర్నాడు, 18న, ఐండ్‌హోవెన్ విడుదలైంది. ఆ సాయంత్రం ట్యాంకులు ఇక్కడికొచ్చి ఆగాయి. బ్రిటిష్ ఇంజినీర్లు రాత్రికి రాత్రి బెయిలీ వంతెన వేశారు. వరదలొచ్చినప్పుడు మన ఆర్మీ వేసే రకమే. 19 తెల్లవారాక ట్యాంకులు కదిలాయి. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆర్నెమ్ వంతెన చివరికి దక్కలేదు. ఈ దక్షిణపు ఊళ్లు సెప్టెంబర్‌లో ఊపిరి పీల్చుకుంటే, పైన ఆమ్‌స్టర్‌డామ్ వైపు వాళ్లు 1945 మే దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో వచ్చిన చలికాలంలో ట్యులిప్ దుంపలు తిన్నారు. ఆకలికీ చలికీ 20,000 మంది దాకా పోయారు.

జర్మన్ వేషం వేసినవాళ్లు ఒక్కరూ లేరు. తుపాకీ మోతలన్నీ ఎవరూ లేని వైపుకే. మా బళ్లో నాటకం వేసినప్పుడు రజాకారు వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే సారు పొడుగ్గా ఉన్నవాణ్ని పట్టుకుని మీసం పెట్టేవాడు. పాపం, ఆ ఏడంతా వాడికి అదే పేరు.

వీల్ చెయిర్‌లో ఒక అమెరికన్ తాత వచ్చాడు. 98 ఏళ్లట, ఒళ్లో దుప్పటి. ఉపన్యాసాల్లో కాసేపు కునుకు తీశాడు. నాకైతే అదే నచ్చింది. యూనిఫాం కుర్రాళ్లు వరసగా వచ్చి సెల్యూట్ కొడితే ఒకడి బూట్లు చూపించి ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. అంత మెరిసే బూట్లు తాము ఎన్నడూ వేసుకోలేదన్నాడట. ఒక పిల్ల తను గీసిన పారాచూట్ బొమ్మ ఇచ్చింది. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత బూరలూదారు, అందరూ లేచి నిలబడ్డారు. ఆయన లేవబోతే మనవరాలు కాబోలు భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

ఒమా లేవలేదు. మోకాళ్ల నొప్పులేమో అనుకున్నాను.

కాఫీ తాగుతూ చెప్పింది. 18న వాళ్ల అక్క నారింజ రంగు రిబ్బను కట్టి ఆమెను ఐండ్‌హోవెన్ తీసుకుపోయింది. అది ఇక్కడి రాజవంశం రంగు, జర్మన్ల కాలంలో నిషేధం. జనం సుద్దముక్కలతో ట్యాంకుల మీద పేర్లు రాస్తున్నారు, ఎవరో చాక్లెట్ పెట్టారు. రాత్రికి పిన్ని ఇంట్లోనే ఉండిపోయారు. 19 సాయంత్రం జర్మన్ విమానాలు వచ్చి బాంబులు వేశాయి. విడుదలైన మర్నాడే ఆ ఊళ్లో 200 మందికి పైగా చనిపోయారు. పిన్ని ఇల్లు నిలిచింది, పక్కిల్లు లేదు.

ఇంకొకటి కూడా చెప్పింది, అది చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది. వాళ్ల వీధిలో ఒకమ్మాయి జర్మన్ సైనికుడితో తిరిగిందని పట్టుకొచ్చి, నడివీధిలో కుర్చీ వేసి గుండు కొట్టారట. చుట్టూ జనం చప్పట్లు. నేనూ కొట్టాను అంది. ఏడేళ్ల పిల్ల కదా, అందరూ కొడుతున్నారని. ఆ పిల్లే తనకు అంతకుముందు జడలు వేసేదట.

వంతెన వైపు గడ్డం ఎత్తి చూపించి, "ఇది చూపించరు కదా" అంది. అంతే, తర్వాత కేకు గురించి మాట్లాడింది, పోయినేడు ఇంతకన్నా బాగుందని.

నాకు మా నానమ్మ గుర్తొచ్చింది. ఇదే తారీఖు, నాలుగేళ్ల తర్వాత. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీస్ యాక్షన్ 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించడంతో ముగిసింది. మాది సూర్యాపేట దగ్గర, బెజవాడ రోడ్డు పక్క ఊరు. ఆ రోడ్డు మీదే మిల్ట్రీ లారీలు పోయాయి. నానమ్మకు తారీఖులు తెలియవు, అన్నీ "మిల్ట్రొచ్చిన యేడు"కు ముందూ వెనకా. "రజాకార్లు పోయిన్రు, మంచిగనే ఉండె" అని మొదలుపెట్టేది. కాసేపు ఆగి, "మల్ల లారీలొచ్చినయి బిడ్డా, ఈసారి సంగపోళ్ల కోసం" అనేది. వాళ్లన్న కమ్యూనిస్టుల సంఘంలో ఉన్నాడు. మూడేండ్లు జాడ లేదు. పోరాటం విరమించాక, 1951 తర్వాత ఇంటికొచ్చాడట గానీ, వచ్చినవాడు వేరే మనిషి అనేది. ఎట్లా వేరే అని నేను అడగలేదు. అప్పుడు నాకు టెన్త్ పరీక్షల టెన్షన్.

మా టీమ్‌లో బీదర్ వైపు అబ్బాయి ఒకడున్నాడు. ఈ రోజు వాళ్లింట్లో టీవీ పెట్టరట. ఆ సెప్టెంబర్ తర్వాత ముస్లింలకు ఏమైందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 మంది పోయి ఉంటారని రాసింది. వాడికి ఈ అంకెలు బాగా తెలుసు. నేను మాత్రం ఇక్కడికొచ్చాకే చదివాను, సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద ఆగి ఫోన్ చూశాను. హైదరాబాద్‌లో కేంద్రం వాళ్లది విమోచన దినం, రాష్ట్రం వాళ్లది సమైక్యతా దినం, కమ్యూనిస్టులవి సాయుధ పోరాట వారోత్సవాలు, తుక్కుగూడలో కాంగ్రెస్ సభ. ఒక్క రోజుకు ఇన్ని పేర్లు! ఇక్కడ ఒకటే పేరు, దాంతో గొడవ లేదు. కానీ ఒమా లేవలేదు.

సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. నానమ్మ వాళ్లన్న ఆ మూడేళ్లు ఎక్కడున్నాడు నాన్నా అని అడిగితే, అటువైపు కాసేపు టీవీ చప్పుడే వినిపించింది.

"గిప్పుడెందుకు బిడ్డా అవన్ని. రేపు పండుగ. పత్రి దొరికిందా?"

అప్పుడు గుర్తొచ్చింది. సంచిలో ఒమా ఇచ్చిన కేకు ముక్కా, కాగితం జెండా తప్ప ఏమీ లేవు.

ఎనిమిదిన్నరకు టార్చి పట్టుకుని మా వీధి చివర కాలువ గట్టుకు పోయాను. మంచుకు గడ్డి తడిసి ఉంది. చేతికందినంత కోసుకొచ్చి, కడిగి, ఫ్రిజ్‌లో పెట్టాను. దీపం వెలుతురులో చూస్తే ఇది పోయినేటిది కాదేమో అనిపించింది, ఆకు కొంచెం వెడల్పు.