నీళ్లు పడ్డాయన్నారు

మా వాడు వీడియోగేమ్ కంట్రోలర్‌ని సోఫా మీద పెట్టేసి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. టీవీలో బొమ్మ మాత్రం ఎడమ పక్కకి నడుచుకుంటూ పోతానే ఉంది. "నేను ముట్టుకోలేదు నాన్నా, అదే పోతోంది" అన్నాడు. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టె, కొని తొమ్మిది నెలలు.

దీన్ని స్టిక్ డ్రిఫ్ట్ అంటారు. కంట్రోలర్ మీద బొటనవేలితో అటూ ఇటూ తిప్పే చిన్న పుల్లే స్టిక్. వేలు పెట్టకపోయినా స్టిక్ ఏదో ఒక పక్కకి తోస్తున్నట్టు కన్సోల్‌కి సిగ్నల్ పోతుంది. కంపెనీ పేరు రాయను. పేరు చెప్పిన మరుక్షణం చదివేవాళ్లు రెండు జట్లుగా చీలిపోతారు. పదిహేనేళ్లు నేనూ అలాంటి ఒక జట్టులో ఉన్నవాణ్ణే కాబట్టి ఆ సంగతి బాగా తెలుసు.

మా బావమరిదిది ఎదుటి జట్టు. పండక్కి చిత్తూరులో అత్తగారింట్లో కలిస్తే భోజనాల దగ్గరే మొదలయ్యేది. ఎవరి గ్రాఫిక్స్ గొప్ప, ఎవరి ఆటలు గొప్ప, ఎవరు ముందు ధర తగ్గిస్తారు. ఆకులు ఎత్తేసినాక కూడా ఆగేది కాదు. వాళ్ల కంపెనీ ఏదైనా ఆటని వాయిదా వేసిందంటే చాలు, నాకు ఆ రోజంతా హుషారు.

ఈ అభిమానం నాకు చిన్నప్పుడే అంటుకుంది. తొంభైల్లో మేం చిత్తూరు మిట్టూరులో ఉండేవాళ్లం. ఎదురింట్లో సమురాయ్ వీడియోగేమ్ ఉండేది. పక్క వీధిలో ఒకళ్లకి మీడియా అనే ఇంకో రకం ఉండేది. క్యాసెట్ బయటికి తీసి, నోటితో ఊది, మళ్లీ గట్టిగా నొక్కితే గానీ ఆట వచ్చేది కాదు. మేం సమురాయ్ పక్షం. మీడియా వాళ్లది డొక్కు అని తీర్మానించేసుకున్నాం. రెండూ నింటెండో 1983లో జపాన్‌లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్ దారిలోవేనని నాకు ఉద్యోగంలో చేరినాక తెలిసింది. లోపల ఒకటే పద్ధతి, పైన డబ్బా మీద పేరు వేరు. ఆ పేరు కోసం సందులో చొక్కాలు చించుకున్నాం.

సరే, కంట్రోలర్ సంగతికి వస్తా. వారంటీ ఏడాది. మేం ఇప్పుడుండే తిరుపతిలో వాళ్ల సర్వీస్ సెంటర్ లేదు కాబట్టి కొరియర్‌లో పంపమన్నారు. పంపాను. పన్నెండో రోజు మెయిల్ వచ్చింది. 'లిక్విడ్ డ్యామేజ్. వారంటీ వర్తించదు.' బాగు చేయాలంటే డబ్బు కట్టాలట. ఆ డబ్బుకి ఇంకొంచెం కలిపితే కొత్తదే వస్తుంది.

ఆ మెయిల్ చదివి నేను చేసిన మొదటి పని, మా వాణ్ణి పిలిచి నిలబెట్టడం.

"నీళ్లు ఎప్పుడు పోశావు?"

"పోయలేదు నాన్నా."

"అబద్ధం చెప్పొద్దు. అంత పెద్ద కంపెనీ వాళ్లు ఊరికే అంటారా?"

వాడు ఏడవలేదు. లోపలికి పోయి తన స్కూలు వాటర్ బాటిల్ తెచ్చాడు. మూత బిగించి బోర్లించి, నా ముందు నాలుగుసార్లు ఊపి చూపించాడు. "ఇది కారదు నాన్నా. టీవీ దగ్గరికి నేను దీన్నే తెచ్చుకుంటా" అన్నాడు. అయినా నేను నెల రోజులు ఆట బంద్ అన్నాను.

రాత్రి మా ఆవిడ ఒక్కటే మాట అడిగింది. "డబ్బులు పెట్టి కొన్నది మనమైతే, మీరు వాళ్ల వైపు మాట్లాడతారేంది?"

నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లు ఆ కంపెనీ తరఫున వాదించీ వాదించీ, అది తప్పు చేస్తుందనే ఆలోచనే నాకు రాకుండా పోయింది. కన్న కొడుకు మాట కంటే రెండు వాక్యాల మెయిల్‌ని ఎక్కువ నమ్మాను.

మర్నాడు కూర్చుని జవాబు రాశాను. నీళ్లు ఎక్కడ కనిపించాయో ఫొటోలు పంపండి, టెక్నీషియన్ రాసిన జాబ్ షీట్ పంపండి అని. జవాబు లేదు. రెండో మెయిల్‌కి వాళ్ల వారంటీ నిబంధనలు అతికించి పంపారు. మూడోదానికి 'ఫొటోలు అందుబాటులో లేవు' అని వచ్చింది. ఆ ఒక్క వాక్యం తర్వాత నాకు బాగా పనికొచ్చింది. నా వైపు మాత్రం ఒక పెద్ద లోటు ఉంది. పంపేముందు కంట్రోలర్‌ని నలుపక్కలా ఫొటోలు తీసి, డ్రిఫ్ట్‌ని వీడియో తీసి, సీరియల్ నంబర్ కనబడేలా పెట్టుకోవాలి. నా దగ్గర ఉన్నది అట్టపెట్టెలో సర్దినాక తీసిన ఒకే ఒక ఫొటో. మీరెవరైనా ఏ వస్తువునైనా సర్వీస్‌కి పంపుతుంటే ముందు ఆ పది నిమిషాలు కేటాయించండి.

తర్వాత 1915కి ఫోన్ చేశాను. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు తేదీ, సీరియల్ నంబర్, కంపెనీతో జరిగిన మెయిళ్లు అన్నీ ఒక్కొక్కటే అడిగింది ఆ అమ్మాయి. చివర్లో "మీకు ఏం కావాలి సార్?" అంది. నాకు వెంటనే నోట మాట రాలేదు. నీళ్లు పడలేదని వాళ్లు ఒప్పుకోవాలి అన్నాను. "అది కాదు సార్. రిపేరా, మార్పిడా, డబ్బు వాపసా?" మార్పిడి అని రాయించాను. ఫిర్యాదు నంబర్ మెసేజ్‌లో వచ్చింది.

హెల్ప్‌లైన్ అంటే కోర్టు కాదు. మన ఫిర్యాదుని కంపెనీ ముందు పెట్టి జవాబు రాబడుతుంది, అంతవరకే. ఆదేశాలు ఇవ్వలేదు. అందుకని రెండో దారి కూడా కనుక్కుని పెట్టుకున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనం ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. పాత చట్టంలో అయితే అవతలివాళ్ల ఆఫీసు ఉన్న చోటనో, గొడవ పుట్టిన చోటనో వేయాల్సి వచ్చేది. 5 లక్షల లోపు వస్తువుకి ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు. రెండేళ్ల లోపు వేయాలి. ఆ ఫిర్యాదులు వినే జిల్లా వినియోగదారుల కమిషన్ తిరుపతిలోనే ఉంది. చెన్నైకీ బెంగళూరుకీ తిరిగే పని లేదని తెలిశాక గుండె కొంచెం దిటవైంది. హెడ్ పోస్టాఫీసుకి పోయి కంపెనీకి రిజిస్టర్ పోస్టులో నోటీసు పంపాను. ఒకటిన్నర పేజీ. మూడు మెయిళ్లూ తేదీలతో సహా. 'ఫొటోలు అందుబాటులో లేవు' అన్న వాక్యాన్ని విడిగా, ఒక పేరాగా రాశాను.

జవాబు కోసం చూస్తున్న ఆ రోజుల్లో పాత సంగతులు చాలా చదివాను. ఎక్స్‌బాక్స్ 360 అనే కన్సోల్‌లో ఎర్ర లైట్లు వెలిగి ఆగిపోయే జబ్బు వచ్చినప్పుడు, 2007 జూలైలో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లకి పెంచింది. అందుకోసం వంద కోట్ల డాలర్లకి పైగా లెక్కల్లో పక్కన పెట్టింది. జనం కన్సోల్‌ని ప్రేమించారని ఆ పని జరగలేదు. పాడైనవాళ్లు పాడైందని గట్టిగా చెప్పారు, వెనక్కి పంపారు. ఆ పక్క జట్టువాళ్లు అది చేస్తున్న రోజుల్లో, ఈ పక్క జట్టువాళ్లు సంబరపడుతూ కూర్చున్నారు.

పంతొమ్మిదో రోజు కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. 'గుడ్‌విల్' కింద కంట్రోలర్ మార్చి ఇస్తారట. నీళ్ల మాట వెనక్కి తీసుకోలేదు. అది కూడా రాసివ్వమని అడిగాను, జవాబు రాలేదు. కమిషన్‌కి పోవాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ కొత్త కంట్రోలర్ ఇంటికొచ్చింది, నేను ఆగిపోయాను. "నాన్నా, కొత్తది ఇచ్చారంటే నీళ్లు పడలేదనే కదా?" అని మా వాడు అడిగాడు. ఊఁ అన్నాను. క్షమించమని మాత్రం అడగలేదు. ఆ మాట గొంతు దాటి రాలేదు.

మార్చి ఇచ్చినదానికి చాలాసార్లు వారంటీ కొత్తగా మొదలు కాదని, పాత బిల్లు తేదీతోనే లెక్క అని గుర్తు పెట్టుకోండి. పదహారు నెలలకి అదీ డ్రిఫ్ట్ అయింది. ఈసారి కుడి స్టిక్. వారంటీ ఎప్పుడో అయిపోయింది.

తిలక్ రోడ్డు పక్క సందులో ఒక టీవీ మెకానిక్ అన్న ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల. మా వాణ్ణి కూడా తీసుకుపోయాను. అన్న కంట్రోలర్‌ని రెండు చేతుల్లో తిప్పి చూసి, స్క్రూలు విప్పి, పైమూత లేపాడు. ప్రతి స్టిక్ పక్కన రెండు చిన్న పచ్చ డబ్బీలు. ఒకదాని మూత సూదితో లేపాడు. లోపల గుర్రపు నాడా ఆకారంలో నల్లటి కార్బన్ దారి, దాని మీద రాసుకుంటూ తిరిగే సన్నటి ఇత్తడి రేకు. ఆ నలుపు మధ్యలో ఒక చోట గోటితో గీకినట్టు పలచబడి ఉంది. చుట్టూ కాటుక లాంటి పొడి.

"ఇది వాల్యూమ్ కంట్రోలే గదన్నా" అన్నాడు. "పాత రేడియోలో గుండీ తిప్పితే గరగర అనేది చూడు, అదే రోగం. రేకు ఎప్పుడూ రాసుకుంటా ఉంటాది, కార్బన్ అరిగిపోతాది. మీది ఒకటే కాదు, ఏ కంపెనీది విప్పినా దీని మాదిరే ఉండాది."

మా వాడు బల్ల అంచు పట్టుకుని మునివేళ్ల మీద నిలబడ్డాడు. "నీళ్లు పడితే ఎట్లా ఉంటుంది మామా?" అని అడిగాడు.

అన్న డ్రాయరులో వెతికి ఒక పాత రిమోట్ బోర్డు తీసి ఇచ్చాడు. రాగి గీతల మీద ఆకుపచ్చ చిలుము, ఒక మూల తెల్లటి ఉప్పు. "ఇట్లా ఉంటాది నాయనా. దీంట్లో ఏడుండాది?"

మా వాడు రెండు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఏమీ అనలేదు. వాడు మర్చిపోలేదు. అది వేరే కంట్రోలర్, దీన్ని విప్పి చూస్తే దాని సంగతి తేలదు. కానీ నాకు తేలాల్సింది ఏముంది? వాడు ఆ రోజే చెప్పాడు. ఆ బల్ల దగ్గరే, అన్న వింటుండగానే, "ఆ రోజు నిన్ను నమ్మలేదు నాన్నా, తప్పు నాదే" అన్నాను. వాడు తల ఊపి మళ్లీ బోర్డు వైపు తిరిగాడు.

అదే రకం స్టిక్ వేస్తే మళ్లీ అరుగుతుంది. హాల్ సెన్సర్‌వి దొరికితే తెమ్మన్నాడు అన్న. అందులో రాసుకునేది ఏమీ ఉండదు. స్టిక్ అడుగున అయస్కాంతం కదులుతుంది, ఎదురుగా ఉన్న సెన్సర్ ఆ కదలికని కనిపెడుతుంది. బ్యాటరీ స్కూటర్ల యాక్సిలరేటర్‌లో ఉండేదీ అదే పద్ధతి. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన సంగతి ఇది. సెగా అనే జపాన్ కంపెనీ 1998లో తెచ్చిన డ్రీమ్‌కాస్ట్ కన్సోల్ కంట్రోలర్‌లోనే అయస్కాంతాల స్టిక్ ఉంది. 2001లో సెగా కన్సోళ్ల వ్యాపారమే మానుకుంది. అరగని స్టిక్ చేసిన కంపెనీ ఆ బరిలోంచి పోయింది, అరిగే స్టిక్‌లకి మేం జెండాలు పట్టాం.

ఆదివారం అంగళ్లు ఉండవని శనివారం సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయాను. ఎలక్ట్రానిక్స్ అంగళ్లుండే రిచీ స్ట్రీట్‌లో నాలుగో అంగట్లో దొరికాయి, రెండు స్టిక్‌లకీ కలిపి ఏడొందలు.

అసలు కష్టం పాతవి ఊడదీయడంలో ఉంది. ఒక్కో స్టిక్‌కి పద్నాలుగు కాళ్లు. ఫ్యాక్టరీలో వాడేది సీసం లేని టంకం, అది 217 డిగ్రీల దగ్గర గానీ కరగదు. ఎక్కువసేపు వేడి పెడితే బోర్డు మీద రాగి పొర లేచిపోతుంది. అందుకని అన్న ముందు ప్రతి కాలి మీదా టంకం బాగా పారేలా చేసే ఫ్లక్స్ పూసి, సీసం ఉన్న కొత్త టంకం కొంచెం కొంచెం కరిగించి కలిపాడు. సీసం ఉన్న టంకం 183 డిగ్రీలకే కరుగుతుంది. రెండూ కలిస్తే పాతది కూడా తొందరగా వదులుతుంది. తర్వాత పంపుతో ఒక్కో కాలు దగ్గరా పీల్చాడు. టక్, టక్ అని పద్నాలుగు సార్లు. మొండికేసిన రెండు కాళ్లకి రాగి అల్లిక తాడు అద్దాడు. స్టిక్‌ని వేలితో అటూ ఇటూ కదిపితే ఊడి చేతిలోకి వచ్చేసింది. నలభై నిమిషాలు పట్టింది. మా వాడు టార్చి పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. మధ్య స్థానం సరిచేసి పరీక్ష పెడితే, తెర మీద చుక్క, అడ్డగీతా నిలువుగీతా కలిసే చోటే నిలబడింది.

ఆ పండక్కి బావమరిదికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు అన్నం కెలుకుతూ కూర్చుని, "నాది కూడా ఆరు నెలలుగా ఇదే బావా. మీకు చెబితే మా కంపెనీని తిడతారని చెప్పలేదు" అన్నాడు. ఆరు నెలలు! వారంటీ ఉన్న రోజుల్లో మొదలైన డ్రిఫ్ట్ అది. నా ముందు మాట పడకూడదని సర్వీస్‌కి కూడా పంపకుండా దాచాడు. ఇద్దరం ఇంటిల్లిపాదినీ పక్కన పెట్టి, మన పేరు కూడా తెలియని కంపెనీల పరువు కాపాడాం.

ఇప్పుడు ఎవరైనా ఏ కన్సోల్ కొనమంటావని అడిగితే నేను ఆటల గురించి తర్వాత మాట్లాడతాను. సర్వీస్ సెంటర్ ఎంత దూరం, స్టిక్ విడిగా దొరుకుతుందా, వారంటీ కాగితంలో ఏం రాసి ఉంది అని ముందు అడుగుతాను. టీవీలకీ అంతే. షావోమీ 2018లో మన దేశంలో టీవీలు చేయించడం మొదలుపెట్టింది తిరుపతిలోని డిక్సన్ ఫ్యాక్టరీలో. డబ్బా మీద పేరు ఒకరిది, బిగించే చేతులు మన పక్క ఊరి పిల్లలవి. ఆ పేరుకి మనం బానిసలం కావడం ఎందుకు?

కనుమ మర్నాడు బావమరిది కూడా నాతో తిరుపతి వచ్చాడు. అన్న వాడి కంట్రోలర్ స్టిక్ కూడా ఊడదీసి, డ్రాయరులో ఉన్న మా పాతదాని పక్కన పెట్టాడు. రెండింటికీ అదే పచ్చ డబ్బీలు, అవే పద్నాలుగు కాళ్లు. మా వాడు రెండూ అరచేతిలో వేసుకుని తిప్పి చూశాడు.

"వీటిలో మనది ఏది నాన్నా?"

అన్న కూడా కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాడు.